ఘాట్ ఎక్కేటప్పుడు ఫజ్జీ కంట్రోలర్ 36 దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. తిరుపతిలో బీటెక్ ఆఖరి సంవత్సరం, నలుగురి బ్యాచ్. సిమ్యులింక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో 1200 కిలోల కారు మోడల్ పెట్టుకుని, ఫజ్జీ లాజిక్‌తో (‘కొంచెం నెమ్మది’ లాంటి మాటల్లో రాసిన రూల్స్‌తో నడిపే పద్ధతి) దాని వేగాన్ని గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నిలబెట్టాలి. చదును రోడ్డు మీద చక్కగా నిలబడుతోంది. తిరుమల ఘాట్ లాంటి దారి అనుకుని 5 శాతం ఎత్తు ఇవ్వగానే వేగం 36కి పడి అక్కడే ఉండిపోతోంది. రూల్స్ 9 నుంచి 25 చేశారు, తర్వాత 49 చేశారు, అయినా మార్పు లేదు. దిగేటప్పుడు ఇంకో బాధ: యాక్సిలరేటరు, బ్రేకు టకటకా మారిపోతున్నాయి. పైగా మీ గైడ్ ‘పీఐడీతో కానిది ఇందులో ఏముంది’ అని అడుగుతున్నారు. (పీఐడీ అంటే తేడా, కూడబెట్టిన తేడా, తేడా మారే తీరు అనే మూడింటిని అంకెలతో గుణించి కలిపే మామూలు కంట్రోలర్.)

నాది చిత్తూరు. వాహనాల కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ మూడు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపిస్తున్నా నాకు కనపడుతున్న లోటు ఒకటే: మీ రూల్ పట్టికలో డ్రైవర్ లేడు. పాఠ్యపుస్తకంలో ఉండే పట్టికే ఉంది, అటూ ఇటూ సమానంగా, అందంగా. ఘాట్ రోడ్డు అలా సమానంగా ఉండదు. ఎక్కడం వేరు, దిగడం వేరు.

ముందు 36 సంగతి చూద్దాం.

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. 5 శాతం ఎత్తు అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఐదు మీటర్లు పైకి లేవడం. 1200 కిలోల బండిని ఆ వాలు వెనక్కి లాగే బలం 1200 × 9.81 × 0.05, అంటే దాదాపు 590 న్యూటన్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మామూలు కారుకు గాలి అడ్డు 50 న్యూటన్ల చుట్టూ ఉంటుంది. టైర్ల రాపిడి మరో 140. అంటే చదునులో బండికి కావలసింది సుమారు 190 న్యూటన్లయితే, ఎత్తులో 780. నాలుగు రెట్లు! ఘాట్‌లో వేగాన్ని నిర్ణయించేది గాలి కాదు, వాలు. హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ గురించి రాసిన పేపర్లు చూసి గాలి అడ్డు మీద ఎక్కువ శ్రమ పెట్టినట్టున్నారు, మీ మోడల్‌లో దానికి అంత బరువు లేదు.

ఇప్పుడు మీ కంట్రోలర్ ఏం చేస్తోందో చూడండి. దానికి రెండు ఇన్‌పుట్లు: వేగంలో తేడా, ఆ తేడా మారుతున్న తీరు. అవుట్‌పుట్ నేరుగా థ్రాటిల్ (యాక్సిలరేటరు ఎంత తొక్కి ఉందో) శాతం. ‘తేడా సున్నా, మార్పు సున్నా’ అనే రూల్‌కు మీరు చదునులో సరిపోయే థ్రాటిల్ ఇచ్చారు. ఎత్తులో కూడా ఆ రూల్ అదే థ్రాటిల్ ఇస్తుంది, దానికి ఎత్తు ఉందని తెలియదు కదా. 190 న్యూటన్లకు సరిపడే థ్రాటిల్‌తో 780 న్యూటన్ల దారిలో 40 నిలవదు. వేగం పడుతుంది. పడేకొద్దీ తేడా పెరుగుతుంది, తేడా పెరిగేకొద్దీ థ్రాటిల్ పెరుగుతుంది. తేడా 4 అయ్యేసరికి థ్రాటిల్ సరిగ్గా ఆ అదనపు 590 న్యూటన్లకు సరిపోయింది, బండి అక్కడ స్థిరపడింది. అంటే ఆ 4 కిలోమీటర్ల తేడాయే బండిని కొండెక్కిస్తోంది. అది లేకపోతే అదనపు థ్రాటిల్ ఇచ్చేవాళ్లే లేరు.

పీఐడీ భాషలో చెప్పాలంటే మీరు కట్టింది పీడీ కంట్రోలర్. అందులో కూడబెట్టే భాగం, అంటే ఇంటిగ్రల్, లేదు. రూల్స్ 9 ఉన్నా 49 ఉన్నా ఒక ఇన్‌పుట్‌కు ఒకే అవుట్‌పుట్ వచ్చే పట్టికే అది. రూల్స్ పెంచితే ఇన్‌పుట్ల మీద అవుట్‌పుట్‌ను గీసిన ఉపరితలం ఇంకాస్త నునుపు అవుతుంది, జ్ఞాపకం మాత్రం రాదు. ‘కొంచెం నెమ్మది’ లాంటి మాట ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వర్తిస్తుందో గీసే త్రిభుజాలను సన్నం చేసి చూస్తే తేడా 4 నుంచి 2కు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అది గెయిన్ (తేడాకు స్పందించే బలం) పెంచడమే. వేగం కొలతలో కాస్త నాయిస్ తగిలితే థ్రాటిల్ వణకడం మొదలవుతుంది.

మందు సులువు. అవుట్‌పుట్‌ను థ్రాటిల్‌గా కాకుండా థ్రాటిల్‌లో మార్పుగా తీసుకోండి. రూల్ చెప్పేది ‘ఇప్పుడున్న దానికి ఇంత కలుపు, ఇంత తీసెయ్’ అని మాత్రమే. దాన్ని ప్రతి సారీ పాత థ్రాటిల్‌కు కలుపుతూ పోవాలి. అప్పుడు ‘తేడా సున్నా, మార్పు సున్నా’ రూల్‌కు అర్థం ‘కాలు ఉన్నచోటే ఉంచు’ అని అవుతుంది. చదునులో ఆ కాలు 190 న్యూటన్ల దగ్గర ఉంటుంది, ఎత్తులో 780 దగ్గర. రూల్ ఒకటే, రెండు చోట్లా సరైనదే. మనిషి నడిపేదీ అంతే కదా. ఏ డ్రైవరూ ‘ఇప్పుడు 37 శాతం తొక్కాలి’ అనుకోడు, ఇంకాస్త తొక్కుతాడు, లేదా కాస్త వదులుతాడు.

ఒక్క అడుగు చేత్తో లెక్కేసి చూపిస్తాను. ఇది మీ రిపోర్టులో కూడా ఉండాలి, ఎందుకంటే వైవాలో ముందు అడిగేది ఇదే.

బండి ఎత్తులోకి వచ్చింది. వేగం 36, ఇంకా సెకనుకు 0.5 చొప్పున పడుతోంది. తేడాకు త్రిభుజాల కొనలు −10, −5, 0, +5, +10 దగ్గర పెట్టుకుందాం, పక్కపక్క త్రిభుజాలు సగంలో ఒకదాన్నొకటి దాటేలా. తేడా +4 కాబట్టి అది ‘సరిపడా వేగం’ (కొన 0) అనే మాటకు 0.2 మేరకు, ‘కొంచెం నెమ్మది’ (కొన +5) అనే మాటకు 0.8 మేరకు నప్పుతుంది. వేగం మారే తీరుకు కొనలు −1, 0, +1 అనుకోండి. సెకనుకు −0.5 అంటే ‘తగ్గుతోంది’లో 0.5, ‘నిలకడ’లో 0.5. ఈ క్షణంలో పలికేవి నాలుగు రూల్సే, మిగతావన్నీ సున్నా:

సరిపడా వేగం, నిలకడ అయితే థ్రాటిల్‌కు కలపాల్సింది 0.
సరిపడా వేగం, తగ్గుతోంది అయితే సెకనుకు 4 శాతం.
కొంచెం నెమ్మది, నిలకడ అయితే సెకనుకు 4 శాతం.
కొంచెం నెమ్మది, తగ్గుతోంది అయితే సెకనుకు 8 శాతం.

రూల్‌లోని రెండు షరతులను కలిపే ‘మరియు’కు ఆ రెండింట్లో చిన్న విలువ తీసుకుంటే రూల్స్ బలాలు వరుసగా 0.2, 0.2, 0.5, 0.5. వెయిటెడ్ సగటు: (0 + 0.8 + 2 + 4) ను 1.4తో భాగిస్తే 4.86. ‘మరియు’కు గుణకారం తీసుకుంటే బలాలు 0.1, 0.1, 0.4, 0.4. సగటు 5.2. సెకనుకు 5.2 శాతం చొప్పున థ్రాటిల్ తెరవాలన్నమాట. మీరు 0.1 సెకనుకు ఒకసారి లెక్కేస్తుంటే ఆ అడుగులో కలపాల్సింది 0.52 శాతం.

ఇక్కడే మీ గైడ్ ప్రశ్నకు జవాబు కూడా ఉంది, జాగ్రత్తగా చూడండి. ఈ 5.2ను రూల్స్ ఏవీ లేకుండా కూడా తెచ్చుకోవచ్చు. తేడా 4ను 0.8తో గుణించండి, 3.2. వేగం పడే తీరు 0.5ను 4తో గుణించండి, 2. కలిపితే 5.2. ఇది పీఐ కంట్రోలర్ (పీఐడీలో ‘డీ’ లేనిది)! త్రిభుజాలు సమాన దూరంలో ఉండి, ‘మరియు’కు గుణకారం తీసుకుని, పట్టికలో అంకెలు మెట్టుకు ఇంత అని సమానంగా పెరిగితే ఫజ్జీ కంట్రోలర్, పీఐ కంట్రోలర్ ఒకటే. దగ్గర దగ్గరగా కాదు, అచ్చంగా ఒకటే. అలాంటి పట్టిక పెట్టుకుని ఫజ్జీ మేలని వాదించడం కుదరదు. మీ గైడ్ అడిగింది న్యాయమైన ప్రశ్న, దాన్ని తప్పించుకోకండి. ‘సమాన పట్టిక పెడితే తేడా లేదండీ, అందుకే పట్టికను ఇక్కడ, ఇక్కడ వంచాం, ఎందుకంటే...’ అని మొదలుపెట్టండి. ఆ ‘ఎందుకంటే’ తర్వాత మీరు చెప్పేదే ప్రాజెక్టు.

ఈ పద్ధతి పుట్టుక కూడా ఆ వైపే చూపిస్తుంది. బర్క్‌లీలో లోట్ఫీ జాదే 1965లో ఫజ్జీ సెట్ల పేపర్ రాశారు. దాన్ని యంత్రం మీద పెట్టింది లండన్ క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ, 1970ల మధ్యలో, ఒక చిన్న ఆవిరి యంత్రం మీద. ఆయన చేసింది యంత్రానికి గణిత నమూనా రాయడం కాదు, దాన్ని నడిపే మనిషి ఏం చేస్తాడో ఆ మాటలనే రూల్స్‌గా రాయడం. 1987లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో మెట్రో రైలును హిటాచీ ఇంజనీర్లు ఫజ్జీతో నడిపించారు. అందులో గొప్పతనం రూల్స్ సంఖ్యలో లేదు. ‘ఈ నాచ్ (బ్రేకు లేదా మోటారు మెట్టు) వేస్తే రైలు ఎక్కడ ఆగుతుంది, ప్రయాణికులకు కుదుపు ఉంటుందా’ అని ముందే ఊహించి, అనుభవమున్న డ్రైవర్ తూచినట్టు తూచి ఎంచుకునేది అది. కార్లలో 1990ల మొదట్లో మిత్సుబిషి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఫజ్జీ పెట్టింది. కొండ దారుల్లో మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఊరికే గేర్లు మారుస్తూ ఉండేది, కాలు తీయగానే పై గేరుకు పోయేది. దాన్ని ఆపడానికి ‘ఇది ఎత్తు, ఇది దిగుడు, ఇది మలుపుల దారి’ అని గుర్తించే తెలివి కావలసి వచ్చింది. చూడండి, గెలిచిన ప్రతిచోటా మనిషి దగ్గర ఏదో తెలివి ఉంది, దాన్ని ఒక్క సమీకరణంలో పెట్టడం కష్టమైంది. 40ని 40 దగ్గర నిలబెట్టడంలో అలాంటి తెలివేమీ లేదు, దానికి పీఐ చాలు.

మరి ఆ తెలివి ఎక్కడుంది? దిగడంలో ఉంది. మీ ఊళ్లోనే ఉంది.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, ఇప్పుడు దిగడానికి వాడుతున్నది అదే. 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. ఆ నిబంధనలోంచే మీ సెట్ స్పీడ్ (నిలబెట్టాల్సిన వేగం) తీసుకోండి: 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటున గంటకు 28.5. దిగేటప్పుడు కూడా 40 పెట్టి సిమ్యులేషన్ చేశారు, ఆ దారిలో అది సరికాదు.

దిగడానికి ఎక్కువ సమయం ఎందుకో శక్తి లెక్క చెబుతుంది. కొండ మీదకూ కిందకూ తేడా సుమారు 700 మీటర్లు. 15 టన్నుల బస్సు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 15000 × 9.81 × 700, అంటే దాదాపు 10 కోట్ల జౌళ్లు. గంటకు 28 కిలోమీటర్ల వేగంలో ఆ బస్సుకున్న గతిశక్తి 5 లక్షల జౌళ్లకు లోపే. కింద అలిపిరి దగ్గర బస్సును ఆపడం బ్రేకులకు లెక్కలోకే రాదు, దారి పొడవునా దించడమే అసలు పని. టైర్లు, గాలి కలిసి అందులో పావు వంతు తింటాయి. మిగతా ముప్పావు ఇంజనో బ్రేకులో తినాలి. మొత్తం శక్తిని 40 నిమిషాలకు పంచితే సగటున 43 కిలోవాట్లు, అదే 25 నిమిషాల్లో దిగితే 69 కిలోవాట్లు. శక్తి మారలేదు, చల్లారే సమయం తగ్గింది. బ్రేక్ లైనింగ్ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే డ్రైవర్ ఇంకా గట్టిగా తొక్కుతాడు, ఇంకా వేడెక్కుతుంది. మన చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్‌లో దిగే లోడు లారీలకు ఉండే ప్రమాదం కూడా ఇదే.

ఈ లెక్క పక్కన పెట్టుకుని ఒక ఘాట్ డ్యూటీ డ్రైవర్‌తో మాట్లాడండి. తిరుపతిలో ఉండి ఈ ప్రాజెక్టు చేస్తూ ఆ పని చేయకపోతే చాలా పోగొట్టుకుంటారు. మాట్లాడేటప్పుడు ‘ఎంత వేగంలో పోతారు’ అని అడగొద్దు, అంకె చెప్పి ఊరుకుంటారు. ‘ఈ మలుపు ముందు కాలు ఎప్పుడు తీస్తారు? ఎందుకు అప్పుడే?’ అని అడగండి. నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఏళ్ల తరబడి కొండ మీదికి బస్సు నడిపినాయన, ఇలా చెప్పారు: “బ్రేకు మింద కాలు పెట్టుకోని దిగేది డ్రైవింగు కాదు నాయనా. యే గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగల్ల. ఇంజను గొంతు పెరగతా ఉంటే బండి మన చేతిలోనించి పోతా ఉందని అర్థం. అప్పుడు ఒకతూరి గట్టిగా తొక్కి, వదిలేసెయ్యల్ల. నిమురుకుంటా పోతే కాలిపోతాది.”

ఈ నాలుగు మాటల్లో మీ పట్టికకు కావలసినవన్నీ ఉన్నాయి. విడదీసి చూద్దాం.

‘ఎక్కిన గేర్లోనే దిగల్ల’ అన్నారు. అంటే వాలు ఒక ఇన్‌పుట్ కావాలి, గేరు ఒక అవుట్‌పుట్ కావాలి. దిగుడు ‘ఎక్కువ’ అయితే బ్రేకు కన్నా ముందు గేరు తగ్గాలి. అది కూడా వేగం పెరిగాక కాదు, దిగుడు మొదలవ్వగానే. మీ ప్రస్తుత కంట్రోలర్ వేగం తప్పాకే మేలుకుంటుంది. వాలును కొలవడం కష్టం కాదు: బండి పొడవు దిశలో యాక్సిలరోమీటర్ చూపించే దాంట్లోంచి చక్రాల వేగం మారే తీరును తీసేస్తే మిగిలేది వాలు. 5 శాతానికి అది సెకను వర్గానికి 0.49 మీటర్లు, చవక సెన్సార్‌కు కూడా అందే విలువే. కాకపోతే రోడ్డు గుంతల కుదుపులు పోవడానికి ఒకటి రెండు సెకన్ల ఫిల్టర్ పెట్టండి.

‘ఇంజను గొంతు’ అన్నది ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు. ఆయన స్పీడోమీటర్ చూడటం లేదు, రోడ్డు మీదున్న కన్ను తీయకుండా చెవితో కొలుస్తున్నారు. కాలు యాక్సిలరేటర్ మీద లేకుండా ఆర్‌పీఎం పెరుగుతోందంటే ఇంజన్ బ్రేకింగ్ (కాలు తీశాక ఇంజనే బండిని వెనక్కి పట్టడం) సరిపోవడం లేదని అర్థం. దీన్ని ‘వేగం మారే తీరు’ ఇన్‌పుట్‌కు బదులుగా దిగుడు రూల్స్‌లో వాడి చూడండి.

‘గట్టిగా తొక్కి వదిలేసెయ్యల్ల’ అన్నదాంట్లోనే మీ టకటక సమస్యకు పరిష్కారం ఉంది. మీ పట్టికలో సెట్ స్పీడ్‌కు పైన 1 ఉంటే కాస్త బ్రేకు, కింద 1 ఉంటే కాస్త యాక్సిలరేటరు. దిగుడులో బండి ఆ గీత చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి రెండూ మారుతూనే ఉంటాయి. పెద్దాయన చేసేది వేరు. వేగం 30 దాటాక ఒకసారి గట్టిగా తొక్కి 22కి తెస్తారు, వదిలేస్తారు, మళ్లీ 30 అయ్యేదాకా బ్రేకు ముట్టరు. మధ్యలో లైనింగ్ చల్లారుతుంది. దీన్ని మామూలు ఫజ్జీ పట్టిక ఒక్కటే చేయలేదు. 26 దగ్గర ఉన్నప్పుడు ‘తొక్కుతున్న 26’ వేరు, ‘వదిలేసిన 26’ వేరు, పట్టికకు రెండూ ఒకటే. కాబట్టి బయట ఒక చిన్న జెండా పెట్టండి: బ్రేకు దశలో ఉన్నామా లేదా. 30 దాటితే జెండా లేవాలి, 22కి వస్తే దిగాలి. జెండా లేచి ఉన్నప్పుడు ఒక పట్టిక, దిగి ఉన్నప్పుడు ఇంకొకటి. రెండో పట్టికలో బ్రేకు అనేదే ఉండదు. రెండింట్లోనూ వాలు దిగుడుగా ఉన్నంతసేపు యాక్సిలరేటరుకు ఒకే మాట: ముట్టుకోవద్దు.

చదునులోనూ ఎత్తులోనూ బ్రేకుకు, యాక్సిలరేటరుకు మధ్య ఖాళీ జాగా వదలండి. ఒకే అవుట్‌పుట్ గీత మీద ఒక చివర యాక్సిలరేటరు, ఇంకో చివర బ్రేకు పెట్టి మధ్యలో సున్నా చుక్క పెడితే సరిపోదు. ఆ మధ్యలో కాలు రెండింటి మీదా లేని పట్టీ ఒకటి ఉండాలి. అక్కడ పని చేసేది ఇంజన్ బ్రేకింగ్.

పట్టికను వంచడం గురించి ఇంకో మాట. సెట్ స్పీడ్ కన్నా 5 తక్కువ ఉండటం, 5 ఎక్కువ ఉండటం ఘాట్‌లో సమానమైన తప్పులు కావు. నెమ్మదిగా పోతే వెనక బండి హారన్ కొడుతుంది, అంతే. దిగుడులో వేగం ఎక్కువైతే తర్వాతి మలుపుకు ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి ‘ఎక్కువ, పెరుగుతోంది’ గడిలో అంకె ‘తక్కువ, తగ్గుతోంది’ గడిలో అంకెకు రెండింతలైనా ఉండాలి. వాలు దిగుడు వైపు ఉన్నప్పుడు ఇంకా పెద్దది. పీఐకి ఇలా వంచిన ఉపరితలం ఇవ్వాలంటే ఎన్నో ‘ఇలా అయితే అలా’ షరతులు రాయాలి, అవి ఎక్కడికక్కడ తెగినట్టుంటాయి. ఫజ్జీలో అదే వంపు నునుపుగా వస్తుంది, చదివేవాడికి అర్థమయ్యే మాటల్లో ఉంటుంది. ఇది మీ గైడ్‌కు ఇవ్వగలిగిన నిజమైన జవాబు.

ఇక కొన్ని చిన్న విషయాలు, కానీ ఇవే ఎక్కువ సమయం తినేస్తాయి.

మమ్దానీ పద్ధతిలో, అంటే అవుట్‌పుట్‌కూ త్రిభుజాలు పెట్టి, పలికిన వాటిని కలిపిన ఆకారానికి సెంట్రాయిడ్ (గురుత్వ కేంద్రం) తీసుకుంటున్నారన్నారు. మీ ‘పూర్తి థ్రాటిల్’ త్రిభుజం 50 దగ్గర మొదలై 100 దగ్గర కొనతో ఆగిపోయేలా ఉంటే, ఆ రూల్ ఒక్కటే పూర్తి బలంతో పలికినా సెంట్రాయిడ్ 83 దాటదు. అలాంటి త్రిభుజం సెంట్రాయిడ్ కొన దగ్గర ఉండదు కదా, మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. చదునులో ఎవరికీ ఇది కనపడదు, ఎత్తులో లోడు పెట్టి చూస్తే బండికి ఎందుకు బలం రావడం లేదో అర్థం కాక తల పట్టుకుంటారు. చివరి త్రిభుజాన్ని 150 దాకా పొడిగించి, అవుట్‌పుట్‌ను 100 దగ్గర కత్తిరించండి. లేదా పైన నేను లెక్కేసినట్టు సుగెనో పద్ధతిలో ఒక్కో రూల్‌కు ఒక అంకె ఇవ్వండి. మైక్రోకంట్రోలర్ మీద పెట్టేటప్పుడు నేను రెండోదే చెబుతాను, లెక్క తక్కువ, తప్పు ఎక్కడుందో వెతకడం తేలిక.

అవుట్‌పుట్‌ను మార్పుగా తీసుకున్నాక కొత్త చిక్కు ఒకటి వస్తుంది. ఎత్తులో థ్రాటిల్ 100కి చేరింది, వేగం ఇంకా పడుతోంది. కంట్రోలర్ కలుపుతూనే పోతే లోపల అంకె 140కో 200కో చేరుతుంది. ఎత్తు అయిపోయి చదును రాగానే ఆ అదనమంతా దిగేదాకా బండి దూసుకుపోతుంది. థ్రాటిల్ 100 దగ్గర ఉన్నప్పుడు కలపడం ఆపేయండి, తీసేయడం మాత్రం ఆపవద్దు. అలాగే ‘థ్రాటిల్ నిండుగా ఉంది, వేగం తగ్గుతోంది’ అన్న స్థితినే గేరు తగ్గించే రూల్‌గా వాడండి. గేరు మారాక రెండు మూడు సెకన్లు మళ్లీ మారకుండా తాళం వేయండి. గేర్ల ఊగిసలాట దాంతోనే చాలావరకు పోతుంది.

త్రిభుజాలా, గాసియన్లా (గంట ఆకారపు వంపులా) అని అడిగారు. త్రిభుజాలే పెట్టండి, మీ సమస్య అక్కడ లేదు.

వైవాలో ‘0.8 అంటే 80 శాతం అవకాశమా’ అని అడగవచ్చు. కాదు. వేగం 36 అని మీకు కచ్చితంగా తెలుసు, అక్కడ అనుమానమే లేదు. 36ను ‘కొంచెం నెమ్మది’ అనడం ఎంతవరకు నప్పుతుందో చెప్పేది 0.8.

రెండో సెమిస్టర్‌లో చిన్న మోడల్ బండి మీద పెడతామన్నారు. చక్రానికి నాలుగు అయస్కాంతాలు, ఒక హాల్ సెన్సార్ (అయస్కాంతం దాటినప్పుడల్లా ఒక పల్స్ ఇచ్చేది), 0.1 సెకనులో వచ్చిన పల్స్‌లు లెక్కపెట్టి వేగం అనుకుంటే పని జరగదు. అసలు కారు చక్రంతో ఊహించుకోండి: చుట్టుకొలత 1.9 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు, పల్స్‌లు సెకనుకు 21. ఒక 0.1 సెకనులో వచ్చేవి రెండు, ఒక్కోసారి మూడు. ఆ ఒక్క పల్స్ తేడా గంటకు 17 కిలోమీటర్ల తేడాగా కనిపిస్తుంది! దాని మీద ‘వేగం మారే తీరు’ లెక్కిస్తే రూల్స్ అన్నీ ఒకేసారి అరుస్తాయి. పల్స్‌లు లెక్కపెట్టకండి, పల్స్‌కూ పల్స్‌కూ మధ్య గడిచిన సమయం కొలవండి. మోడల్ బండి చక్రం చిన్నది కాబట్టి అంకెలు మారతాయి, సమస్య అదే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీలో ఒకరు ‘మా నాన్న పాత కారుకు సర్వో మోటారు కట్టి ఘాట్ రోడ్డులో చూద్దామా’ అని రాశారు. వద్దు. యాక్సిలరేటరు గానీ బ్రేకు గానీ మీ సర్క్యూట్ చేతిలో ఉన్న బండి ఏ పబ్లిక్ రోడ్డు మీదికీ పోకూడదు, ఘాట్ మీదికి అసలే పోకూడదు. అక్కడ యాత్రికుల బస్సులు, చిన్నపిల్లలున్న కార్లు తిరుగుతుంటాయి. నిజమైన దారి డేటా కావాలంటే మామూలుగా ప్రయాణిస్తూ ఫోన్‌లో జీపీఎస్, యాక్సిలరోమీటర్ రికార్డు చేసుకోండి. ఫోన్‌ను డ్యాష్‌బోర్డుకు కదలకుండా బిగించి, ముందు సీట్లో కూర్చున్నవాళ్లు చూసుకోవాలి, నడిపేవాళ్లు కాదు. ఆ వాలు, ఆ మలుపులు సిమ్యులింక్‌లో పెట్టుకుంటే ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లయినా దిగవచ్చు.

పోలిక చూపించేటప్పుడు న్యాయంగా చూపించండి. సరిగ్గా ట్యూన్ చేయని పీఐడీని పక్కన పెట్టి ఫజ్జీ గెలిచిందనే రిపోర్టులు చాలా చూశాను, అనుభవమున్న పరీక్షకుడు మొదటి పేజీలోనే పట్టేస్తాడు. పీఐకి కూడా వాలు సమాచారం ఇవ్వండి, బాగా ట్యూన్ చేయండి. తర్వాత మూడు దారుల మీద రెండింటినీ నడపండి: చదును, 5 శాతం ఎత్తు, మీరు రికార్డు చేసిన దిగుడు. ఒక్కోదానికి 1200 కిలోలతోనూ, ఐదుగురు, సామాను ఎక్కినట్టు 1500 కిలోలతోనూ. కొలవాల్సినవి వేగంలో గరిష్ఠ తేడా, పెడల్ మొత్తం ఎంత కదిలింది, దిగుడులో బ్రేకు ఎంతసేపు పట్టి ఉంది. చదునులో రెండూ సమానమని వస్తుంది, రానివ్వండి, అలాగే రాయండి. ఎత్తులోనూ పెద్ద తేడా ఉండదు. దిగుడులో బ్రేకు పట్టి ఉన్న సమయం, పెడల్ కదలిక తగ్గాయా లేదా అన్నదే మీ పరీక్ష.

ముందు అవుట్‌పుట్‌ను మార్పుగా మార్చి 36 సమస్య పోయిందో లేదో చూడండి, మిగతావి ఆ తర్వాతే. దిగుడు గ్రాఫులు వచ్చాక పెట్టండి, చూసి చెబుతాను. వేగం ఒక్కటే కాకుండా 1500 కిలోలకు గేరు, బ్రేకు జెండా కూడా అదే కాలం గీత మీద గీయండి, నేను మొదట చూసేది వాటినే.